బెజవాడ నుంచి రోముకు నలభై ఆరు రోజులు

భూమి గుండ్రంగా ఉంటుందన్నది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. గవర్నర్‌పేటలోని దూర నిర్ధారణ కార్యాలయం ఆ అభిప్రాయాన్ని ఇంకా ఆమోదించలేదు. (ఫైలు నడుస్తోంది.)

ఆ కార్యాలయంలో గుమాస్తా అంతోనికి 1974 మే ఇరవయ్యో తేదీన సెలవుకు దరఖాస్తు పెట్టుకోవలసివచ్చింది. రోములో ఉన్న అక్క తెరేసమ్మ జూన్ ఇరవై తొమ్మిదిన మఠకన్యగా ఆఖరి ప్రమాణం చేస్తోంది. తల్లి పోతే ఆరేళ్ల అంతోనిని చంకనేసుకుని పెంచింది ఆవిడే. "ఆ రోజు నావాళ్లంటూ ఒక్కరైనా కళ్లెదుట ఉండాలిరా తమ్ముడూ" అని రాసింది. విమానం టిక్కెట్టు మఠంవాళ్లే పంపారు.

సెలవు కాగితంలో ఏడో గడి దూరం, ఎనిమిదో గడి ప్రయాణకాలం. టిక్కెట్టు చూసి, బొంబాయి నుంచి తొమ్మిది గంటలని రాశాడు పాపం అంతోని.

"అది విమానంవాడి మాటయ్యా," అన్నారు సూపరింటెండెంటు వెంకటప్పయ్యగారు. "దూరం తేల్చే ఆఫీసులో ఉండి ఎవడో చెప్పింది రాస్తే ఊళ్లోవాళ్లు నవ్వరూ? దారం పట్రా."

కార్యాలయం పద్ధతి ఒక్కటే. గోడ మ్యాపు మీద దారం పరిచి, ఆ దారాన్ని కొలిచి, అంగుళానికి ఇన్ని మైళ్లని లెక్కకట్టటం. కంకిపాడు, మైలవరాల దాకా ఆ దారానికి తిరుగులేదు. చిక్కల్లా ఆసియా మ్యాపు వెంకటప్పయ్యగారి గదిలోనూ, యూరపు మ్యాపు వరండా అవతల రికార్డు గదిలోనూ ఉండటం. (మ్యాపులు ఈ కార్యాలయానివే గాని మేకులు వేరే శాఖవి.) దారం బెజవాడలో బయల్దేరి, గుమ్మం దాటి, వరండాలో మంచినీళ్ల కూజాను చుట్టి, రోము చేరింది.

ఇరవై ఏడువేల ఆరువందల మైళ్లు.

"భూగోళం చుట్టుకొలతే ఇరవై అయిదువేలండీ!" అన్నాడు అంతోని.

"అది స్కూలు పుస్తకాల భూగోళం. మనది ఆఫీసు రికార్డు."

రోజుకు ఆరువందల మైళ్లకు మించి ఏ ఉద్యోగీ ప్రయాణించరాదని నియమం. (అది విమానాల కంటే వయసులో పెద్దది.) కనుక పోవటానికి నలభై ఆరు రోజులు, రావటానికి నలభై ఆరు. అంతోనికి మిగిలిన సెలవు ముప్ఫై.

"దారిలోనే సెలవు అయిపోద్దయ్యా! సముద్రం మధ్యలో డ్యూటీలో ఎట్టా చేరతావు?"

అంతోని కాళ్లావేళ్లా పడ్డాడు. జాలిపడి వెంకటప్పయ్యగారు ఫైలును పైఅధికారికి పంపారు. ఆయన బల్ల పదకొండు అడుగుల దూరంలో ఉంది.

జూన్ ఇరవై తొమ్మిది రానే వచ్చింది. ఆ రోజు అంతోని తన కుర్చీలోనే కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. హాజరుపట్టీలో సంతకం మాత్రం వేళకే పెట్టాడు.

జులై అయిదున అక్క పంపిన ఫోటో వచ్చింది. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీ. ఆ పూటే ఫైలు కూడా తిరిగొచ్చింది: "దరఖాస్తు అంది నేటికి నలభై ఆరు రోజులైనందున సదరు గుమాస్తా రోము చేరినట్లు నిర్ధారించడమైనది. రోములో ఉండగా బెజవాడ హాజరుపట్టీలో సంతకాలు ఎట్లు చేసినదీ సంజాయిషీ ఇవ్వవలెను."

అంతోని రెండుసార్లు చదువుకుని, కింద ఇలా రాశాడు: "అయ్యా, నేను రోములో ఉన్నానని ఒక సర్టిఫికెట్టు ఇప్పించండి. అక్కకు పంపుకుంటాను."

మూడోనాడు ఆ కాగితం వాపసు వచ్చింది. అంచున ఎర్రసిరాతో ఉంది: "దరఖాస్తుదారు ఈ దరఖాస్తును తన ప్రస్తుత మకాం రోము నుంచి పంపుకోవలెను."