నాలుగు టిక్కులు, రెండు టిక్కులు

విడవలూరు దగ్గర సముద్రం ఒడ్డు ఊళ్ళో సైన్సు మాస్టారు సంజీవరావు ఆ డిసెంబరు పొద్దున పెళ్ళికొడుకులా గడ్డం గీసుకుని రేడియో సెట్టు ముందు కూర్చున్నాడు. అమెరికాలో తనలాంటి రేడియో పిచ్చివాళ్ళే ఎగరేసిన బుల్లి ఉపగ్రహం ఏడుంబావుకు ఊరి మీదుగా పోతుంది. దాని కూత విని రాసి పంపితే వాళ్ళు కార్డు పంపుతారు. మాస్టారు సొంతంగా బిగించుకున్న ఆ సెట్టులో ఏడేళ్ళుగా గురగుర తప్ప మరేమీ వినని భార్య రెబెక్కమ్మ, "ఈ పొద్దు గూడా పలక్కపోతే అటకెక్కిస్తా. ఆ బల్ల నాకు కావాల" అని తేల్చేసింది. ఆమె అన్నదంటే చేసే మనిషి.

అందుకే ముందురోజు చర్చి గంటస్తంభం మీద ఏరియల్ బిగించి, అక్కణ్ణుంచి ఇంటిదాకా గట్టి తాడు లాగి, దాని వెంబడి వైరు తెచ్చుకున్నాడు. తాడు కట్టడానికి పైన ఇనపకమ్మీ ఒకటి దొరికింది. అది గంటను ఊపే కమ్మీ అని తట్టలేదు. సైన్సు మాస్టారు కదా, ఆకాశం చూస్తూ కట్టాడు.

ఏడింటికి జాలరి ఆదెయ్య చేపల వేట నుంచి వచ్చాడు. అతని భార్య పేరమ్మ ఆ తాడు చూసి మురిసిపోయి, తడిసిన వల మొత్తం దాని మీద ఆరేసింది. గాలి వీచింది. గంట మోగింది. ఇక ఆగితేనా!

ఆ నెలల్లో వేళగాని వేళ చర్చి గంట మోగితే ఆ తీరంలో ఒకటే అర్థం: తుపాను. పడవలు ఒడ్డెక్కాయి. మూటలు, కోళ్ళు, మేకలు, ముసలమ్మలు, అందరూ చర్చిలోకి.

మాస్టారు హెడ్‌ఫోన్లు విసిరికొట్టి పరుగెత్తాడు.

"తుపాను లేదు, గిపాను లేదు! ఇళ్ళకు పోండి! నా రేడియో..."

"రేడియోలో చెప్పినారా సారూ!" ఆదెయ్య గుండెలు బాదుకున్నాడు. "ఒరే, సారు రేడియోలోనే విన్నాడంట! పక్క పల్లెకు గూడా చెప్పండ్రా!"

మాస్టారు చేతి గడియారం చూశాడు. ఏడూ పన్నెండు. ఆకాశం చూశాడు. తల పట్టుకుని చర్చి మెట్ల మీద కూలబడ్డాడు. చదువుకున్న మనిషే అలా కూలబడితే ఇంకేముంది! పక్క పల్లె కూడా బిలబిలా వచ్చిపడింది. "అయ్యో, సారు జడుసుకున్నాడు, వదలబాకండి" అని పేరమ్మ ఆయన నెత్తిన చెంబెడు నీళ్ళు గుమ్మరించింది. పాస్టరుగారు స్తంభం ఎక్కి తాడు విప్పేసరికి ఏడున్నర దాటింది.

ఇంటికొచ్చి, సెట్టుకు దుప్పటి చుట్టబోతుంటే మాస్టారికి నిజంగానే ఏడుపొచ్చింది.

"చుట్టేదానికి ముందు బాగుచెయ్యండి," అంది రెబెక్కమ్మ. "గంట మోతకు తల పగిలిపోతా ఉంటే మీ చెవిడిప్పలు నేను పెట్టుకున్నా. లోపల ఇంకో రోత! నాలుగు టిక్కులు, ఆగి రెండు టిక్కులు. మళ్ళా నాలుగు, మళ్ళా రెండు. మీకు చూపిద్దామని గోడమీద బొగ్గుతో గీసిపెట్టినా. ఏడూ పదహారు నుంచి ఇరవై దాకా."

మాస్టారు గోడ చూశాడు. నాలుగు చుక్కలు, రెండు చుక్కలు. టెలిగ్రాఫు భాషలో అది 'హాయ్' అని పలకరింపు, ఉపగ్రహం పలికే మాట అదొక్కటే!

"రెబెక్కా! విన్నావే! నువ్వు విన్నావే!" అని ఆమె చేతులు పట్టుకుని వంటింటిదాకా గంతులేశాడు.

అబద్ధం రాయడం ఆయనకు చేతకాదు. అమెరికాకు పంపే కాగితంలో విన్నవారి పేరు దగ్గర భార్య పేరే రాశాడు. కొన్నాళ్ళకు అమెరికా నుంచి శ్రీమతి రెబెక్కమ్మగారికి కార్డు వచ్చింది. సెట్టు అటకెక్కలేదు.

మరుసటి ఉపగ్రహం వచ్చిన పొద్దున దాని ముందు ఆమె కూర్చుంది. చప్పుడు చెయ్యకుండా పప్పు ఎనపమని మాస్టారికి ఉత్తర్వులందాయి.