పలక మీద హుకుం

మార్కాపురం పలకల కంపెనీ యజమాని సుబ్బయ్య శెట్టి ఆ పొద్దున ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. మర్నాడు సరుకు చూడటానికి చెన్నపట్నం దొర వస్తున్నాడు. ఆలోగా బంట్రోతు మాల్యాద్రి చేత పసుపు పంచె విప్పించాలి.

"దొర ముందు ఆ సన్యాసి వేషమేంది? రేపు తెల్లబట్టల్లో రాకుంటే పని మానుకోమను," అని గుమాస్తా కొండలరావుకు చెప్పి ఇంటికి పోయాడు.

కొండలరావుకు మాల్యాద్రి మొక్కు సంగతి తెలుసు. మనవరాలు జ్వరంతో కళ్లు తేలేసినప్పుడు, పిల్ల బతికితే శివరాత్రి దాకా పసుపుబట్ట విప్పనని, శ్రీశైలం నడిచి వస్తానని మాల్యాద్రి మొక్కుకున్నాడు. పిల్ల బతికింది. ఇప్పుడా పంచె విప్పమని ఏ నోటితో చెప్పడం? పేరు రాయడానికీ మనసొప్పక, "రేపు మతచిహ్నాలతో ఎవరూ పనికి రారాదు. అందరూ చూసి గీత పెట్టవలెను," అని పలక మీద రాశాడు. కాగితం దండగని అక్కడ హుకుములన్నీ పలక మీదే. దాన్ని పనివాళ్లందరికీ తిప్పి చూపేది మాల్యాద్రి. పాపం, ఆయనకు చదువు రాదు!

షెడ్డులో పనివాళ్లకు యోసేపు దాన్ని పైకి చదివి, రేపటిదాకా ఎందుకని మెడలోని సిలువ తీసి జేబులో వేసుకున్నాడు. దస్తగిరి టోపీ తీశాడు. పుల్లయ్య విభూతి తుడుచుకున్నాడు. గురవమ్మ మాత్రం ఏడుపు లంకించుకుంది.

"మొగుడు బతికుండంగ బొట్టు చెరుపుకోమంటారా?"

"ఏడవాకు గురవమ్మా. నాదంటే మొక్కు, పని పోయినా నాకేం బాధ లేదు. మీ కోసం నేను పోయి అడుగుతా," అన్నాడు మాల్యాద్రి. కొండలరావు వద్దు వద్దని పరిగెత్తుకొచ్చేసరికి ఆయన పలక చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లో శెట్టి నిలువు నామం దిద్దుకుని అప్పుడే విస్తరి ముందు కూర్చున్నాడు. భార్య రంగనాయకమ్మ వాకిట్లో పలక అందుకుని చదివి, లోపలికొచ్చింది.

"అందరూ అంటే మీరూనా? ముందు ఆ నామం చెరపండి, తర్వాత వడ్డిస్తా."

శెట్టి మండిపడుతూ వాకిట్లోకి వచ్చాడు. మాల్యాద్రి చేతులు జోడించాడు.

"సామీ, ఎవరో ఒకర్ని మాన్పించాల్నంటే నన్ను మాన్పించండి. గురవమ్మ బొట్టు జోలికి పోవాకండి. నాకు పిల్ల బతికింది, అది చాలు."

శెట్టికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. కళ్లు చెమర్చాయి.

"పిల్ల ఎట్లుంది మాల్యాద్రీ?"

"గోడ పట్టుకొని నడస్తాంది సామీ."

"సరే. ఆ పలక తుడిచెయ్. పోయి అందర్నీ ఎప్పటిమాదిరే రమ్మను. నువ్వు కూడా."

మాల్యాద్రి పసుపు పంచె చెంగుతో పలక శుభ్రంగా తుడిచాడు.

మర్నాడు బొట్టు, టోపీ, సిలువ, విభూతి, నామం, పసుపు పంచె అన్నీ బారుగా నిలబడ్డాయి. దొర వచ్చి గంటసేపు పలకలే చూసి, మనుషుల వంక కన్నెత్తకుండా వెళ్లిపోయాడు.