ఎవరినీ చూడని మా సర్కిల్ కెమెరా

దొంగను పట్టించే కెమెరా కూడా ఒక కెమెరాయేనా అండీ? అది వట్టి చాడీకోరు! ఎవరు ఎటు పోయారు, ఎవరి వెంట పోయారు, ఎక్కడ ఆగి ఎక్కడ ఉమ్మారు అని పొద్దస్తమానం కనిపెట్టుకుని కూర్చుని, అడిగిన ప్రతివాడికీ చెప్పేసే పరికరాన్ని నడివీధిలో నిలబెట్టడం మర్యాదస్తుల పనేనా? కెమెరా అంటే పెద్దమనిషి తరహాగా ఉండాలి. అన్నీ దాని ఎదుటే జరగాలి, అది మాత్రం ఏమీ చూడకూడదు. చూసినా చెప్పకూడదు!

అంతటి సంస్కారం గల కెమెరా మా ఊరి బస్టాండు సర్కిల్లో ఉంది. మా ఊరంటే కర్ణాటకలో బాగేపల్లి బస్సూ చింతామణి బస్సూ రెండూ ఆగే ఊరు. అంతకుమించి చెప్పను. మనుషులకు ఉన్నట్టే ఊళ్లకూ ప్రైవసీ ఉంటుందని మా పురసభవారు, అంటే మునిసిపాలిటీవారు, మాకు నేర్పించారు.

ఆ కెమెరాను ఏ దిక్కుకు తిప్పాలన్న విషయం మీద పురసభ ఏకంగా ఒక సమితినే వేసింది. ఎడమకు తిప్పితే ఒక సభ్యుడి మేడ మీద బట్టలారేసిన తీగ కనిపిస్తుంది. కుడికి తిప్పితే ఇంకో సభ్యుడి బావమరిది బార్ గుమ్మం. పొద్దున్నే అక్కడికి వచ్చేవాళ్ల పరువు ఏం కావాలి? కాస్త పైకెత్తితే లాడ్జి కిటికీలు. వెనక్కి తిప్పితే సాక్షాత్తూ పురసభ కచేరి తలుపు! ఉద్యోగులు ఎన్ని గంటలకు లోపలికి పోయి ఎన్ని గంటలకు బయటపడతారన్నది వాళ్ల సొంత వ్యవహారం కాదా? ఆఖరికి ఎవరికీ ఏమీ కాని నడిరోడ్డు మీదికి వంచేసి, చప్పట్లు కొట్టి టీ తాగారు.

నియమాలు కూడా అంత పకడ్బందీగానే రాశారు. కారణం లేకుండా రికార్డింగును ఎవరూ చూడరాదు. నెల తిరిగేసరికి చెరిపేయాలి. చూడాలనుకున్నవాళ్లు అర్జీ పెట్టి, అందులో కనిపించే ప్రతి మనిషి ఒప్పుదలా తీసుకురావాలి. పక్క ఊళ్ల పురసభలవాళ్లు వచ్చి ఈ నియమాలను ఫొటోలు తీసుకుపోయారంటే మీరే ఊహించుకోండి!

ఇంత చక్కటి ఏర్పాటును సోమేనహళ్ళి రైతు వెంకటరామప్ప అర్థం చేసుకోలేకపోయాడు. ఆయన భార్య పుట్టమ్మ అనపకాయల బుట్ట నెత్తిన పెట్టుకుని సర్కిల్లో రోడ్డు దాటుతుంటే వెనక నుంచి ఒక బండి తగిలింది. ఆమె పడింది, కాలు విరిగింది. బండి మాత్రం ఆగలేదు. పుట్టమ్మకు చెవులు కాస్త మందం. "ఎనక నుంచి ఏదో తగిలె, నేను పడిపోతి. అంతే తెలుసు" అన్నది ఆమె.

వెంకటరామప్ప మొదట సర్కిల్లో పూలమ్మే అక్కయమ్మను అడిగాడు. ఆమె కళ్ల ముందే కదా జరిగింది!

"మాకేం తెలుసప్పా" అంది అక్కయమ్మ, మూర కొలిచే చేతిని ఆపకుండా. "పైన కెమెరా ఉండాది కదా, అది చూసింటాది. దాన్ని అడుగుపో. రేపు మేమొకటి చెప్పి అదొకటి చెప్తే, మేము అబద్ధం చెప్పినట్లైతాది."

చెరుకు రసం బండివాడు అదే అన్నాడు. ఆటో స్టాండులోనూ అదే మాట. గొప్ప సంగతి కాదా ఇది? ఒకప్పుడు ఈ సర్కిల్లో కొత్త మనిషి బస్సు దిగితే చాలు, "యా ఊరప్పా, ఎవరింటికి?" అని నలుగురు మూగేవాళ్లు. ఎవరింట్లో పెళ్లిచూపులో, ఎవరు అలిగి పుట్టింటికి పోతున్నారో సూట్‌కేసు చూసి చెప్పేవాళ్లు. ఎంత అనాగరికం! కెమెరా వచ్చాక ఊరి కళ్లన్నింటికీ ఒక్కసారిగా రిటైర్మెంట్ దొరికింది.

సరే, కెమెరానే అడుగుదామని వెంకటరామప్ప కచేరికి పోయాడు. సమితి కార్యదర్శి సునీల్‌కుమార్ మంచివాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"చూపిస్తామప్పా, చూపించకుండా ఏమి? ఆ బండి నడిపినాయన ఒప్పుకున్నట్లు ఒక సంతకం తెచ్చేయండి."

"వాడెవడో తెలిస్తే నేను నీ కాడికి ఎందుకొస్తానప్పా?"

"అది మీ కష్టం. ఆయనకూ ప్రైవసీ ఉంటాది కదా."

వెంకటరామప్ప తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "కేసూ గీసూ నాకొద్దప్పా" అన్నాడు చివరికి. "ఆడమనిషిని రోడ్డు మీద పడేసి, తిరిగి కూడా చూడకుండా పోయినాడు. వాడెవడో నాకు తెలియాల. వాడొచ్చి, ఎట్లుండావమ్మా అని మా ఆమెను ఒక్క మాట అడగాల. అంతే."

ఇంత చిన్న కోరికకు ఇంత పెద్ద యంత్రాంగాన్ని కదిలించడం న్యాయమా అని మీరనవచ్చు. కానీ మా పురసభ దయగలది. ఒప్పుదల సమస్యకు అది కనిపెట్టిన పరిష్కారం వింటే మీరు నమ్మరు. చెత్త బండి మైకులో ఊరంతా ప్రకటన చేయించింది! "సర్కిల్లో పుట్టమ్మగారికి తగిలిన వాహనంవారు తమ ఆక్షేపణ ఏదైనా ఉంటే తెలపండి. తెలపనిచో ఒప్పుకున్నట్టు భావిస్తాము."

మా ఊరి చెత్త బండి గురించి ఒక మాట చెప్పాలి. దాని నెత్తిన ఒక స్పీకరు, అందులో పురసభ అధ్యక్షులు రామచంద్రప్పగారి సొంత గొంతు. "తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు! ఊరిని చూసుకోవడం మనందరి బాధ్యత!" అని కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి, తెల్లారినప్పటి నుంచి మోగుతూనే ఉంటుంది. ఆ గొంతు విన్నాకే మా ఆడవాళ్లు పొయ్యి వెలిగిస్తారు. బండి నడిపే నందీశ్ ఈ కొత్త ప్రకటనను కూడా వీధివీధికీ శ్రద్ధగా తిప్పాడు. ఎవరూ ఆక్షేపించలేదు.

ఇక రేపో మాపో రికార్డింగు చెరిపేస్తారనగా సమితి కూర్చుంది. అధ్యక్షులు వచ్చారు. సభ్యులు వచ్చారు. బిస్కెట్లు వచ్చాయి. వెంకటరామప్పకు తలుపు దగ్గర స్టూలు వేశారు. సునీల్‌కుమార్ పెద్ద తెర మీద ఆ రోజును తెరిచాడు.

తెర ఎర్రగా ఉంది. అంతా ఎరుపే. అంచుల్లో మాత్రం మూడు తెల్లటి అడ్డచారలు.

కంప్యూటర్ చెడిందేమోనని తట్టి చూశారు. ముందురోజు తెరిచారు, అదీ ఎరుపే. అంతకు ముందు రోజు కూడా అంతే. వెనక్కీ వెనక్కీ పోయి, నెలంతా ఎర్రగానే ఉందని తేల్చుకున్నాక ఒక సభ్యుడు మెల్లగా చేతులు జోడించాడు. అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. ఆయుధ పూజ!

దసరాకు కచేరిలో ఉన్న కంప్యూటర్లకూ, జీపుకూ, బోరు మోటారుకూ, చెత్త బండికీ విభూతి పెట్టి కుంకుమ పెట్టారు. మరి కెమెరా ఏం పాపం చేసింది? ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసుకుని ఎక్కి, దాని ముఖం ఎక్కడుందో చూసుకుని, సరిగ్గా అద్దం మీద మూడు వేళ్లతో విభూతి తీర్చి, నడుమ ఇంత కుంకుమ అద్దాడు. నూనెలో కలిపి మరీ పెట్టాడు, రాలిపోకుండా. పైన చిన్న రేకు గొడుగు ఉంది కాబట్టి వాన తగల్లేదు. పెట్టిన బొట్టును చెరపడానికి ఎవరికి చేతులొస్తాయి చెప్పండి? ఇక రికార్డింగును కారణం లేకుండా చూడరాదన్న నియమం ఉండనే ఉంది. నియమం తప్పినవాడు ఒక్కడూ లేడు. దసరా నుంచి ఇప్పటిదాకా మా కెమెరా దుర్వినియోగమైన సందర్భం ఒక్కటీ లేదని సమితి గర్వంగా చెప్పుకోవచ్చు!

తెర ఆపేయబోతుంటే అందులోంచి "చింతామణి, చింతామణి!" అని బస్సు కండక్టరు కేక వినిపించింది. కెమెరాకు చెవి కూడా ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. కొన్న వస్తువులో ఏమేముందో చూసే చెడ్డ అలవాటు మావాళ్లకు లేదు.

వెంకటరామప్ప స్టూలు మీద నుంచి లేచాడు. "ఆపొద్దు సామీ. ఉండనీ."

ఎర్రటి తెర ముందు అందరూ విన్నారు. హారన్లు. చెరుకు మిషను గజ్జెలు. దూరం నుంచి దగ్గరవుతూ ఒక గొంతు. "తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు!" దబ్బుమని ఒక చప్పుడు. అమ్మా అని ఒక కేక. ఆ గొంతు ఒక్క క్షణం కూడా ఆగకుండా, "ఊరిని చూసుకోవడం మనందరి బాధ్యత!" అని చెప్పుకుంటూ దూరమైపోయింది. ఆ తర్వాత ఎవరో, "బండిని నిలపండప్పా!" అన్నారు. ఇంకెవరో, "నీకెందుకు? పైన కెమెరా ఉండాది, అది చూసుకుంటాది" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు పుట్టమ్మ గొంతు ఒక్కటే. "కాయలు తొక్కొద్దండప్పా... ఎవరన్నా రొంత చెయ్యి ఇయ్యండప్పా..."

భార్య కాలు విరిగిందని తెలిసిన రోజు కూడా వెంకటరామప్ప కళ్లు తడవలేదు. ఆమె అంతసేపు అడిగిందని ఇప్పుడు విన్నాక ఆపుకోలేకపోయాడు.

అందరూ రామచంద్రప్పగారి వైపు చూశారు. ఆయన తన గొంతును గుర్తుపట్టలేదంటే ఎవరూ నమ్మరు. కానీ నాయకుడంటే క్లిష్ట సమయంలో ధర్మం ఎటుందో కనిపెట్టేవాడు.

"ఇదేమప్పా, మాటలు కూడా రికార్డు చేస్తాండాదా?" అని ఉరిమారు. "ఎవరి పర్మిషన్‌తో? జనం మాట్లాడుకునేది దొంగచాటుగా వింటామా మనం?"

బాధ్యత అంటే అదీ! సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్ నిచ్చెన ఎక్కి కెమెరా మైకు తీగ కత్తిరించేశాడు. ఎక్కినవాడు బొట్టు జోలికి పోలేదు, దండం పెట్టుకుని దిగాడు. శబ్దాన్ని చెరిపేశారు. వెంకటరామప్పకు జవాబు కూడా ఇచ్చారు, అందులో అక్షరం అబద్ధం లేదు. రికార్డింగులో ఏ వాహనమూ కనిపించలేదు!

ఆయన నేరుగా అక్కయమ్మ దగ్గరికి పోయాడు. "చెత్త బండే కదమ్మా?"

అక్కయమ్మ తలెత్తి కెమెరా వైపు చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మెల్లగప్పా, ఇంటాదేమో! అవును, చెత్త బండే. మేమంతా చూసినాము. పొద్దు పొద్దున్నే పురసభోళ్లతో మనకెందుకని..." అని ఆగి, "నేనొచ్చి ఎత్తింటే బాగుండె" అంది. అని మళ్లీ పూలలో తల దూర్చింది.

మర్నాడు పొద్దున రామచంద్రప్పగారి గొంతు సర్కిల్లోకి వస్తుంటే వెంకటరామప్ప నడిరోడ్డు మీద నిలబడి చెయ్యెత్తాడు. బండి ఆగింది. నందీశ్ ఆయన ముఖం చూసి సంగతి గ్రహించాడు. కిందికి దిగాడు, కానీ తల ఎత్తలేకపోయాడు.

"ఆ పొద్దు నిలపాలనే అనుకుంటినప్పా" అన్నాడు. "నిలిపితే నేనేనని కెమెరాలో తెలిసిపోతాదని బయమాయె. అందుకే పోతిని."

ఆ గుడ్డి కంటికి భయపడి ఈ కుర్రవాడు పారిపోయాడు. దాన్నే నమ్ముకుని ఊరంతా ఊరకుంది. వెంకటరామప్పకు తిట్టాలనే ఉంది. రాత్రంతా మాటలు కూడబెట్టుకునే వచ్చాడు. తీరా నోరు తెరిస్తే ఒక్కటే వచ్చింది.

"మా ఆమె ఎట్లుండాదని అడగప్పా."

"ఎట్లుండాదప్పా?" అన్నాడు నందీశ్, ఏడుస్తూ.

"ఇంకా నడవలేదు" అన్నాడు వెంకటరామప్ప. "ఇంటికొచ్చి ఆమెను అడుగు. రొంత గట్టిగా అడుగు, చెవులు మందం."

అక్కయమ్మ పూలు వదిలేసి వచ్చి పక్కన నిలబడింది. చెరుకు రసం బండివాడు మిషను ఆపాడు. ఆటోలవాళ్లు దిగారు. వాళ్లలో ఒక్కరూ తలెత్తి స్తంభం వైపు చూడలేదు.

ఇదంతా జరిగిందనడానికి పురసభ దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ పొద్దు రికార్డింగులో ఎరుపు తప్ప ఏమీ లేదు, చప్పుడు అసలే లేదు. నా మాట మీద నమ్మకం లేకపోతే మా సర్కిల్‌కు రండి. అక్కడ ఎవరినైనా అడగండి. చూసినవాళ్లే, ఇప్పుడు చెబుతున్నారు.