ఊపిరికి పంక్చరు

పదింటికి పరీక్ష, పదకొండుకి బయటపడటం, పన్నెండుకి షాపు తెరవటం. పంక్చర్లు వేసే ఆయన పొద్దున వేసుకున్న పథకం ఇంతే. తొమ్మిదేళ్ల కూతురికి కండరాలన్నీ నీరసించే జబ్బు. వెన్నెముక ఒక పక్కకు ఒరిగిపోతోంది. ఆసుపత్రిలో ఊపిరి కొలిచే మిషన్ గొట్టంలోకి గట్టిగా ఊదితే అంకె నలభై దాటాలి. దాటితేనే ఎల్లుండి ఆపరేషన్. లేకపోతే మత్తు ఇవ్వరు.

అందుకని తెల్లవారుతూనే పిల్లచేత బెలూన్లు ఊదించాడు. బండి రోడ్డెక్కే ముందు గాలి కొట్టుకోవద్దూ? పన్నెండో బెలూన్‌కి పిల్ల కళ్లు తేలేసింది. మిగతావి సంచిలో పడేశాడు.

"దాని ప్రాణం తీస్తారా ఏంటి?" అంది భార్య.

"నువ్వు నోర్ముయ్. మీ వంశంలో ఒక్కడికైనా దమ్ముందా? ఈ రోగం మీవైపు నుంచి వచ్చిందే." మూడేళ్లుగా రోజూ ఈ మాట అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో పిల్ల ఊదితే ముప్పై ఒకటి వచ్చింది.

"గొట్టం లీకమ్మా!" అన్నాడాయన. పరీక్ష చేసే అమ్మాయి వద్దనేలోపే గొట్టాన్ని మిషన్‌తో సహా పక్కనున్న నీళ్ల బకెట్లో ముంచి, బుడగల కోసం వెతికాడు. బుడగలు రాలేదు. మిషన్ ఆరిపోయింది.

"అది సైకిల్ ట్యూబా బాబాయ్!" అని ఆ అమ్మాయి నెత్తి బాదుకుంది.

ఇంకో వార్డు నుంచి మిషన్ వచ్చేసరికి గంట పట్టింది. అది సరిగ్గా పనిచేస్తోందా అని చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఊదాలట. ఆయన చొక్కా చేతులు మడిచి ఊదాడు. ఇరవై ఎనిమిది.

"ఇదీ చెడిపోయిందే!"

ఆ అమ్మాయి ఊదింది. తొంభై. భార్య ఊదింది. ఎనభై ఆరు. గంటసేపు కునుకు తీసి లేచిన పిల్ల ఊదింది. నలభై మూడు.

"పెదాలు గట్టిగా బిగించి ఊదు నాన్నా," అంది పిల్ల.

మళ్లీ ఊదాడు. ఇరవై ఆరు.

డాక్టరు వచ్చి ఆయన్ని పిడికిలి బిగించి తెరవమన్నాడు. వేళ్లు ఎంతకీ విచ్చుకోలేదు.

"ఈమధ్య పనిముట్లు చేతిలోంచి జారుతున్నాయా?"

"మంచి పనిముట్లు రావట్లేదండీ."

"పిల్లకి ఈ జబ్బు మీ నుంచే వచ్చినట్టుంది. రక్తపరీక్షలో తేలుతుంది. ఈ పూటే మీరూ చేరండి."

ఆయన మెడ లోపలికి లాక్కుని భార్య వైపు చూశాడు. ఆమె సంచిలోంచి ఒక బెలూన్ తీసి ఆయన చేతిలో పెట్టింది.