అఖిల ప్రపంచ గొంగడి

ఫసలీ 1353, అంటే 1943వ సంవత్సరం మార్గశిర మాసంలో ఒక మంగళవారం పొద్దున పది గంటలకు, సిద్దిపేటలో హరికిషన్ సేటు గారి గోదాంలో ప్రపంచం ఏకమైందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. మిగతా చోట్ల అప్పుడు యుద్ధం జరుగుతున్నది. వారికి కబురు అందలేదు.

నేను అర్జీలు రాసి బతికేవాణ్ణి. ఆ సభకు సర్కారు అనుమతి కోరుతూ దరఖాస్తు రాసింది నేనే గనుక, జరిగినది జరిగినట్టు చెప్పే అధికారం నాకున్నది.

అంతకు ముందు గొంగడి వర్తక సంఘం మూడు ముక్కలుగా ఉండేది. సిద్దిపేట శాఖకు హరికిషన్ సేటు అధ్యక్షుడు. గజ్వేల్ శాఖకు ఆయన షడ్డకుడు, అంటే తోడల్లుడు, రాధాకిషన్ సేటు. దుబ్బాక శాఖకు రాజమల్లయ్య. షడ్డకులిద్దరూ మాట్లాడుకోక ఏడేండ్లు. బావమరిది పెండ్లిలో నెయ్యి ముందు ఎవరి విస్తరిలో పడ్డదనే విషయమై అభిప్రాయ భేదం వచ్చింది. అభిప్రాయ భేదాలు ప్రజాజీవితానికి అలంకారమని పెద్దలు చెబుతారు.

ఇట్లా ఉండగా లష్కర్ కంటోన్మెంటు నుంచి ఒక గుత్తేదారు వచ్చాడు. ఫౌజుకు పదివేల గొంగళ్లు కావాలన్నాడు. "మూడు సంఘాలతోని మూడు తీర్ల మాట్లాడుడు నాతోని కాదు. ముగ్గురు ఒక్కటై రాండ్రి" అని చెప్పి బస్సెక్కి పోయాడు.

ఒక్కటి కమ్మని మాత్రమే అతనన్నాడు. ప్రపంచం కమ్మనలేదు. ప్రపంచం కావచ్చునన్న సంగతి సిద్దిపేట శాఖ కార్యదర్శి విశ్వేశ్వర్ గారికి తోచింది. ఆయన కొంత సంస్కృతం చదివి, దానితో చేయడానికి ఏమీ దొరకక గొంగళ్ల వ్యాపారంలో ఉన్నవాడు. "మన గొంగడి బర్మా కొండలకు పోయింది, మిసర్ దేశం ఎడారికి పోయింది. గొంగడి పోయినకాడికల్ల మనం పోయినట్టే గద సేటూ? మూడు శాఖలు గలిసి ఒక తాలూకా సంఘం పెట్టుకుంటే నవ్వుతరు. పెడితె ప్రపంచ సంఘమే పెట్టాలె" అన్నాడు. నవ్వుతారన్న భయంతో ప్రపంచ సంఘం పెట్టాలని నిర్ణయమైంది. దానికి అఖిల ప్రపంచ గొంగడి మహామండలి అని పేరు పెట్టారు.

పదిమంది ఒకచోట కూడాలంటే పై నుంచి కాగితం రావలసిన కాలం. నేను దరఖాస్తు పట్టుకొని తాలూకా కచేరీకి పోతే గుమాస్తా చదివి, కండ్లద్దాలు తీసి తుడుచుకొని, "ప్రపంచమంటే ఏ తాలూకా కింద వస్తది పంతులూ?" అని అడిగాడు. సిద్దిపేట తాలూకా కిందనే వస్తదని నేను విన్నవించాను. అట్లాగే రాసుకొని ముద్ర కొట్టాడు.

అసలు చిక్కు అధ్యక్ష పదవి దగ్గర వచ్చింది. "నా షడ్డకుడు కుర్చీల కూసుంటె నేను కింద సాపల కూసోవాల్నా?" అని హరికిషన్ సేటు గోడతో అన్నాడు. అదే మాట రాధాకిషన్ సేటు ఎదుటి గోడతో అన్నాడు. విశ్వేశ్వర్ గారు ఇంటికి మనిషిని పంపి నిఘంటువు తెప్పించారు. అరగంటలో చిక్కు విడిపోయింది. హరికిషన్ సేటు విశ్వాధ్యక్షుడు. రాధాకిషన్ సేటు ప్రపంచాధ్యక్షుడు. రాజమల్లయ్య జగదధ్యక్షుడు. లోకం, భువనం అనే పదాలు ముందు ముందు చేరబోయే శాఖల కోసం భద్రపరచబడినవి.

రాధాకిషన్ సేటుకు కొంచెం అనుమానం మిగిలింది. విశ్వం ప్రపంచం కన్నా పెద్దదని ఎవరో ఆయన చెవిలో వేశారు. విశ్వేశ్వర్ గారు ఆయనను పక్కకు తీసుకపోయి, "విశ్వమంటె చుక్కలు గూడ లెక్కకొస్తయి సేటూ. చుక్కలల్ల గొంగడి గప్పుకునేటోడు ఎవడున్నడు? బేరం జరిగేదంత ప్రపంచంల్నే" అని నచ్చజెప్పారు. చుక్కలు తన షడ్డకుడికి పోయినందుకు రాధాకిషన్ సేటు చాలా సంతోషించాడు.

సభలో విశ్వాధ్యక్షుడు ఉపన్యసించాడు. "సోదరులారా! నేటి నుండి సిద్దిపేట లేదు, గజ్వేల్ లేదు, దుబ్బాక లేదు! ఉన్నది ఒక్కటే!" అన్నాడు. ఆ ఒక్కటి ఏమిటో కాగితంలో రెండో పుటలో ఉన్నది, ఆ పుట గాలికి పోయింది. అందరం చప్పట్లు కొట్టాం.

తరువాత గొంగడి కొలత నిర్ణయించవలసి వచ్చింది. ఇక్కడ మూడు శాఖలు చూపిన త్యాగం చిరస్మరణీయం. గొంగడి ఆరు మూరల పొడవు, మూడు మూరల వెడల్పు ఉండాలని తాతలనాటి లెక్క. సిద్దిపేట శాఖ వెడల్పులో కోసి ఒకటిన్నర మూర చేసుకున్నది, పొడవు మాత్రం ముట్టుకోలేదు. గజ్వేల్ శాఖ వెడల్పు ముట్టుకోకుండా పొడవును మూడున్నర మూరలకు తెచ్చుకున్నది. దుబ్బాక శాఖ ఏమీ కోయలేదు గానీ దాని గొంగడిలోంచి అవతలి మనిషి కనిపిస్తాడు. ఐక్యత కోసం సిద్దిపేట తన పొడవును వదులుకున్నది. గజ్వేల్ తన వెడల్పును వదులుకున్నది. దుబ్బాక పలుచదనాన్ని ఇద్దరూ కన్నీళ్లతో స్వీకరించారు. ఈ విధంగా మూడున్నర మూరల పొడవు, ఒకటిన్నర మూర వెడల్పు, చూపు దూరే మందం గల అఖిల ప్రపంచ గొంగడి అవతరించింది.

అప్పుడు వెనుక వరుసలోంచి మర్కూక్ సాంబయ్య లేచి నిలబడ్డాడు. సాంబయ్యది మర్కూక్ ఊరు, గొంగడి నేసే కురుమ. ఆయన భార్య కొమురవ్వ ఉన్ని వడుకుతుంది. ఇద్దరూ నలభై ఏండ్లుగా ఆరు మూరలు, మూడు మూరలే నేస్తున్నారు. చింతగింజల గంజి పట్టించి, వాన కురిస్తే నీటి చుక్క జారిపోయేటట్టు నేస్తారు. అందువల్ల సంఘంలో వారికి మంచి పేరు లేదు.

"సేటూ, ఒక్క మాట" అన్నాడు సాంబయ్య. "గీ గొంగడి కాళ్లకు గప్పుకుంటె తలకు సలి. తలకు గప్పుకుంటె కాళ్లకు సలి. పక్కకు ఒత్తిగిల్లితె ఈపుకు సలి. మందకాడ పండేటోడు యాడ సచ్చిపోవాలె?"

గోదాంలో కొందరు నవ్వబోయి ఆపుకున్నారు. నేను ఆపుకున్నవారిలో ఉన్నాను.

విశ్వేశ్వర్ గారు ఓపికగా బదులు చెప్పారు. "సాంబయ్యా, గిది ప్రపంచ ప్రమాణం. నీ మంద ఒక్కటే సూసుకుంటె ఎట్ల? ప్రపంచంల పొట్టోళ్లు గూడ ఉంటరు."

"పొట్టోడు పెద్ద గొంగడి మడిచి గప్పుకుంటడు. పొడుగోడు చిన్న గొంగడిని సాగదీస్తడా సేటూ?"

దీనికి నిఘంటువులో జవాబు దొరకలేదు. కనుక ప్రపంచ ప్రమాణాన్ని నిందించినందుకు సాంబయ్యకు మహామండలి తరఫున ఉన్ని ఇవ్వరాదని అక్కడికక్కడే తీర్మానించారు. మహామండలి చేసిన మొట్టమొదటి పని ఇదే. ఐక్యత ఎంత బలమైనదో అప్పుడు తెలిసింది. మునుపు సిద్దిపేటలో ఉన్ని లేదంటే సాంబయ్య గజ్వేల్ పోయేవాడు, గజ్వేల్ వాళ్లూ లేదంటే దుబ్బాక పోయేవాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఒక్కటే తలుపు, అది మూసుకున్నది.

సభ ముగిశాక గోదాం బయట కొమురవ్వ తలుపు దిక్కు చూస్తూ కూచున్నది. చేతిలో ఖాళీ సంచి ఉన్నది, ఉన్ని కోసం తెచ్చుకున్నది. "పా, పోదాం" అన్నాడు సాంబయ్య.

"ఉన్ని?"

"ఇయ్యరట."

"మరి గజ్వేల్ పోదమా?"

"గజ్వేల్ లేదట" అన్నాడు సాంబయ్య. "ఇందాకనే సేటు జెప్పిండు."

ఆ ఏడు పదివేల ప్రపంచ గొంగళ్లు తయారైనవి. బండ్ల మీద లష్కర్ పోయినవి. అక్కడ ఒక అధికారి ఒక సిపాయిని నేల మీద పడుకోబెట్టి గొంగడి కప్పించి చూశాడట. కాళ్లు బయట, రెండు భుజాలూ బయట. అధికారి చుట్టూ తిరిగి చూసి, ఇది ఏ జంతువుకు అని అడిగాడట. బండ్లు వచ్చిన దారినే తిరిగి వచ్చినవి. మహామండలి అత్యవసరంగా సమావేశమై, ఫౌజులో సిపాయిలు ప్రపంచ ప్రమాణం కన్నా పొడుగ్గా ఉన్నందుకు విచారం వెలిబుచ్చింది. ఇకముందు తగిన కొలతల వారినే భర్తీ చేసుకోవలసిందిగా ప్రభుత్వాన్ని కోరింది. ఆ ఉత్తరం నేనే రాశాను. దస్తూరీ బాగుందన్నారు.

అటు సాంబయ్య, కొమురవ్వ ఊళ్లు పట్టుకొని తిరిగారు. వేములఘాట్ దాకా నడిచి, మందల దగ్గరికే పోయి, "మీ గొర్ల ఉన్ని మీరే ఇయ్యిండ్రి, మీ గొంగడి మేమే నేసిస్తం" అని అడిగారు. కాపరులు ఒప్పుకున్నారు. తమ గొంగడికి సరిపడే ఉన్నితో పాటు, కూలి కింద ఇంకొక గొంగడికి సరిపడేది ఇచ్చేవారు. ఆ రెండో గొంగడి అమ్ముకొని ఇద్దరూ బతికారు. కొమురవ్వకు వడికి వడికి బొటనవేలు పగిలింది. గుడ్డ చుట్టుకొని వడికింది. "ముసల్దానా, జర ఆగరాదె" అని సాంబయ్య అంటే, "సలి ఆగుతదా?" అనేదట.

మరుసటి ఏడు చలి నిజంగానే ఆగలేదు. పొద్దున లేస్తే వాకిట్లో పెట్టిన నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. ఊరివాళ్లం మహామండలి మీద గౌరవంతో ప్రపంచ గొంగళ్లు కొన్నాం. పిల్లల కింద పరిచాం, కుండల కింద చుట్టలుగా పెట్టాం. కప్పుకోవడానికి మాత్రం ఒక్కొక్కరం ఎవరికి వారే, వేరే పని మీద పోతున్నట్టు, మర్కూక్ పోయి వచ్చాం. హరికిషన్ సేటు గారి భార్య సులోచనమ్మ పుట్టింటికి పోతున్నానని చెప్పి పోయి రెండు తెచ్చింది. నాకు కొమురవ్వ తానే ఏరి ఇచ్చింది. "ఇది మంచిగ పడ్డది పంతులూ, నల్లగొర్రెది. నువ్వు పొద్దాక కూసుండి రాసేటోనివి, ఈపుకు సలి తగులది" అన్నది.

పుష్యమాసంలో మహామండలి ద్వితీయ మహాసభ జరిగింది. గోదాం నిండా గొంగళ్లుండటం వల్ల సభ బయట వాకిట్లో పెట్టారు. మూడు కుర్చీలు వేశారు. ముగ్గురు అధ్యక్షులూ మెడలో ప్రపంచ గొంగళ్లు కండువాల్లాగా వేసుకున్నారు. వాటి కింద ముగ్గురూ మెడ నుంచి పాదాల దాకా మరొక గొంగడి కప్పుకొని ఉన్నారు. షడ్డకులిద్దరూ ఎనిమిదేండ్ల తరువాత మొదటిసారి మాట్లాడుకున్నారు కూడా. "యాడ దెచ్చినవ్?" అని ఒకరు, "నువ్వు దెచ్చినకాడనే" అని ఒకరు.

విశ్వేశ్వర్ గారు తీర్మానం చదివారు. ప్రపంచంలోని గొర్రెల ఉన్ని యావత్తూ మహామండలికే చెందుతుంది. మర్కూక్ సాంబయ్యకు ఉన్ని ఇచ్చిన వారి మందలను బంజరులో మేయనివ్వరాదని ఊరూరి పటేళ్లకు ఉత్తరాలు పంపాలి. పటేళ్లు నోటిమాటగా ముందే ఒప్పుకున్నారు. సాంబయ్య నేసిన గొంగళ్లు నకిలీవి గనుక వాటి వల్ల ప్రజల ఆరోగ్యం చెడుతుంది.

ఇది జరుగుతున్నప్పుడు సాంబయ్య, కొమురవ్వ వాకిలి పక్కన నిలబడి ఉన్నారు. వేములఘాట్ కాపరులు ముందే కబురు చెప్పారట. సాంబయ్య తల వంచుకొని ఉన్నాడు. కొమురవ్వ మాత్రం మమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తున్నది. రెండు వందల మంది ఉంటాం. అందరి మీదా వాళ్లు నేసిన గొంగళ్లే.

"ఒప్పుకున్నవారు చేతులెత్తండి" అన్నాడు విశ్వాధ్యక్షుడు.

మా చేతులు పైకి రావడానికి కొంచెం ఆలస్యమైంది. సభ్యులలో ఏదో సంకోచం ఉన్నదని ఎవరూ అపార్థం చేసుకోరాదు. మూడు మూరల వెడల్పున్న గొంగడిలోంచి చెయ్యి బయటకు తీయడం అంత సులభం కాదు. మెల్లగా అన్ని చేతులూ లేచినవి. తీర్మానం ఏకగ్రీవమని రాసుకున్నారు.

నేను చెయ్యి ఎత్తినప్పుడు నా గొంగడి భుజం మీది నుంచి జారింది. చివరి వరుసలో ఉన్నాను గనుక కొమురవ్వకు దగ్గరగా ఉన్నాను. ఆమె వచ్చి, గుడ్డ చుట్టిన వేలితో, గొంగడి పైకి లాగి, మెడ దాకా సర్దింది.

"మంచిగ గప్పుకో పంతులూ" అన్నది. "చిరగకుంట సూసుకో. మేం రేపు బొంబాయి పోతున్నం, మిల్లుల కూలికి. గిసోంటిది ఇంకోటి దొరకదు."

ఆ మధ్యాహ్నమే పటేళ్లకు ఉత్తరాలు రాయడానికి కూచున్నాను. ముప్పై ఏడు ఊళ్లు. కొమురవ్వ చెప్పింది నిజమే. వీపుకు చలి తగలలేదు. అన్నీ ఏకబిగిన పూర్తి చేశాను.