గౌరవ వేతనం రెట్టింపు

"వన్యప్రాణులను కాపాడే శాస్త్రవేత్తల గౌరవ వేతనాన్ని ఈ క్షణం నుంచే రెట్టింపు చేస్తున్నాను!" అని ప్రకటించి, ఆ క్షణం ఏదో చరిత్రకు తెలియాలని మంత్రిగారు గడియారం కూడా చూసుకున్నారు. పదకొండూ పది. హాలు చప్పట్లతో మారుమోగింది. అందరికన్నా గట్టిగా కొట్టింది చివరి వరుసలో కూర్చున్న నీటికుక్కల సారు.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గాని, పదకొండేళ్ళుగా ఏటి ఒడ్డు బురదలో నీటికుక్కల అడుగులు లెక్కపెడుతుండటంతో అది వాడుకలోంచి పోయింది. పెంటిక చూసి, ఆ జంతువు నిన్న ఏ చేప తిన్నదో చెప్పగలడు. నీటికుక్క రోజుకో కిలో చేపలు తింటుందని రిపోర్టులో రాసిందీ ఆయనే. ఆ పేజీ ఇంట్లోవాళ్ళ కంట పడకుండా దాచిందీ ఆయనే. ఆయన జీతం పదిహేనో తారీకు దాకా నడిచి అక్కడ చతికిలబడుతుంది. ఆపైన స్కూటరు ఇంట్లో, ఆయన కాలినడకన ఏటికి.

"ఈసారీ పెరగకపోతే ఒకటో తారీకు నుంచి మా తమ్ముడి కొట్లో కుళాయిలు అమ్మాల్సిందే" అని భార్య గడువు పెట్టింది. అందుకే అన్ని చప్పట్లు. పదకొండేళ్ళ నీటికుక్కల లెక్క కుళాయిల పాలు కాకుండా మంత్రిగారు కాపాడారు.

మర్నాడు పాలకన్నా ముందు ఇంటి ఓనరు వచ్చాడు, చేతిలో పేపరుతో.

"జీతం రెట్టింపయిందటగా! అద్దె కూడా కాస్త చూడండి మరి."

"ఇంకా చేతికి రాలేదండీ."

"పేపర్లో వచ్చిందిగా!"

సాయంత్రానికి స్కూలువాళ్ళు కూతురికిచ్చే ఫీజు రాయితీ తీసేసి, అభినందనలు తెలియజేశారు.

నెలాఖరుకు జీతం వచ్చింది. పాతదే. సారు పరుగున సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళాడు.

"పెరగలేదండీ."

"ఎందుకు పెరగలేదు? వచ్చేటప్పుడు బంట్రోతు మిమ్మల్ని ఏమన్నాడు?"

"'నమస్తే సార్ సార్' అన్నాడు. పాపం, నత్తి అనుకున్నాను."

"నత్తి కాదు, ఉత్తర్వు!" సూపరింటెండెంట్ ఫైలు తెరిచాడు. "గౌరవ వేతనం. ఎన్ని మాటలు? రెండు. రెండూ పెంచితే ఖజానా తట్టుకోదని ఫైనాన్స్ వాళ్ళు రాశారు. అయితే మొదటిది పెంచండని మంత్రిగారు సంతకం పెట్టారు. ఇకనుంచి ఉత్తరాల్లో మీ పేరు పక్కన 'గారు గారు' అని వస్తుంది. మీటింగుల్లో టీ కూడా డబుల్."

"రెండు కప్పులా?"

"కప్పు ఒకటే. సాసర్లు రెండు."

"మా ఓనరు అద్దె కింద గౌరవం తీసుకోడండీ."

"అడిగి చూశారా, గారు గారు?"

ఇలా కాదని సారు మంత్రిగారి దగ్గరికే వెళ్ళాడు. ఆయన్ని చూడగానే మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. కూర్చున్నారు. మళ్ళీ లేచారు. సారు అద్దె సంగతీ, బావమరిది కొట్టు సంగతీ చెప్పుకున్నాడు.

"డబ్బు ఎవడైనా ఇస్తాడయ్యా! మీ బావమరిదీ ఇస్తాడు. గౌరవం మాత్రం ప్రభుత్వమే ఇవ్వాలి" అన్నారు ఎంతో ఆప్యాయంగా.

ఆ మాటలో సగం నిజమని ఒకటో తారీకునే తేలింది. కొట్లో చేరిన రోజే బావమరిది పాత జీతానికి మూడింతలు ముందుగా ఇచ్చాడు. సారుకు పని కూడా ఇట్టే పట్టుబడింది. ఏ కుళాయి ఆర్నెల్లలో కారుతుందో తిప్పి చూసి చెప్పేస్తున్నాడు. కొట్లో ఉన్న ఆరు రోజులూ ఏరు గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమనేది. ఆదివారం మాత్రం ట్యాంకు నిండా పెట్రోలుతో వెళ్ళి, సాయంత్రం దాకా బురదలో కూర్చుని లెక్క రాసుకునేవాడు. ఉద్యోగంలో ఉండగా చేయలేని ఉద్యోగం, మానేశాక హాయిగా చేసుకోగలుగుతున్నాడు.

మూడోవారంలో ఒకాయనకు కుళాయి చుట్టివ్వబోతుంటే, పొట్లం కట్టే పేపరు కాగితం మీది వార్త కంటబడింది. మంత్రుల జీతాలు రెట్టింపయ్యాయి. సారు కళ్ళజోడు సవరించుకుని, పెంటిక పరీక్షించినంత శ్రద్ధగా కింద అచ్చేసిన ఉత్తర్వు మొత్తం పరీక్షించాడు. అందులో గౌరవం అన్న మాట మచ్చుకైనా లేదు. 'గౌరవ మంత్రివర్యులు' అని ఉండాల్సిన చోటల్లా ఒట్టి 'మంత్రి' అని ఉంది. ఎక్కడా పొరపాటు జరగకూడదని ఆ మాటను మంత్రిగారే దగ్గరుండి కొట్టేయించారట.

"ఏమండీ, కుళాయి ఇస్తారా?" అన్నాడు కొనడానికి వచ్చినాయన.

సారు ఆ కాగితంలోనే చుట్టి, రెండు చేతులతో అందించాడు.

"తీసుకోండి, గారు గారు."

"గారు ఒకటి చాల్లెండి. రేటులో ఓ పది తగ్గించండి."