డిప్యుటేషన్ మీద పుంగనూరికి వెళ్ళిన షీల్డు

ఆటలో గెలవాలంటే ఆట వచ్చి ఉండాలన్నది ఒట్టి మూఢనమ్మకం. మార్పు ఒక్కటి వస్తే చాలు! నమ్మకం లేనివారు మదనపల్లె హార్మనీ క్లబ్బు వారి ఈ ఏటి సీజను చరిత్ర తెలుసుకోవాలి. తెలుసుకున్నాక కూడా బుద్ధి రాకపోతే అది వారి లోపమే గాని చరిత్ర లోపం కాదు.

యుద్ధం నాలుగేళ్ళ నుంచి తెమలడం లేదు. ఎందుకంటారు? ఫిరంగి కాల్చడం తెలిసినవాణ్ణి ఫిరంగి దగ్గరే ఉంచుతున్నారు. వంటవాణ్ణి వంటశాలలోనే ఉంచుతున్నారు! మా క్లబ్బు సెక్రటరీ గోపాలస్వామి గారిని ఒక్క నెల అక్కడికి పంపి ఉంటే ఇరుపక్షాల వారూ ఈపాటికి ఇళ్ళకు చేరి హాయిగా కాఫీ తాగుతూ ఉండేవారు.

హార్మనీ క్లబ్బు వారి ఆట బాల్ బ్యాడ్మింటన్. పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకు అయిదుగురు, ఇరవై తొమ్మిది పాయింట్లు ముందు ఎవరు చేస్తే వారిది గేము. ముందు ఇద్దరు, నడుమ ఒకరు, వెనక ఇద్దరు నిలబడతారు. మన జట్టులో ఆ నడుమ మనిషి పేతురు. మిషన్ ఆసుపత్రిలో కంపౌండరు. పగలంతా సీసాల్లో మందులు కలిపి, అయిదు కొట్టగానే కోర్టులో ఉండేవాడు. ఎనిమిదేళ్ళుగా ఆయనకు ఉన్నది ఒకే ఒక్క ఆశ. మూడూళ్ళ షీల్డు! మదనపల్లె, పుంగనూరు, కుప్పం జట్లు ఏటా దానికోసం పోటీ పడతాయి. ఫైనలు కుప్పంలో జరుగుతుంది. పేతురు జట్టు అక్కడిదాకా రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ ఓడి వచ్చింది. ఇప్పుడు కుడి మోకాలు అరిగిపోయింది. ఈ ఒక్క ఏడాది ఆడి బ్యాటు అటక మీద పెట్టెయ్యమని డాక్టరమ్మ ఖండితంగా చెప్పేసింది.

మిగిలిన నలుగురి సంగతి వినండి. ముందు ఎడమవైపు గొర్రెల వ్యాపారి చెన్నప్ప, ఎడంచేతి వాటం. అతని పక్కన తాలూకాఫీసు గుమాస్తా మునిరాజు. వెనక, అంగళ్ళు అనే పల్లె నుంచి సైకిలు మీద వచ్చే అన్నదమ్ములిద్దరు. ఎనిమిదేళ్ళుగా ఎవరి చోట వారే! పేతురు భుజం కాస్త ఎత్తితే చాలు, బంతి ఎవరిదో నలుగురికీ తెలిసిపోయేది. నోరు విప్పి అరిచే పని కూడా లేదు. ఇంత స్తబ్ధత ఏ నాగరిక సమాజమైనా సహిస్తుందా?

గోపాలస్వామి గారు సహించలేదు. ఆయన రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి, పదిహేడు ట్రాన్స్‌ఫర్లు చూసి రిటైరైన మనిషి. ఒకే చోట పాతుకుపోయిన ఉద్యోగి ఎంత ప్రమాదమో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. దానికి తోడు ఈమధ్య రైల్వే స్టేషనులో ఎఫిషియెన్సీ గురించిన పుస్తకం ఒకటి కొన్నారు. చివరిదాకా చదవలేదు. చదవకుండానే అర్థమైపోయింది!

జనవరి మొదటి ఆదివారం నోటీసు బోర్డు మీద ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు పడ్డాయి. చెన్నప్ప ముందు ఎడమ నుంచి వెనక కుడికి. అన్నదమ్ముల్లో పెద్దవాడు వెనక నుంచి ముందుకు. మునిరాజు ఒక వారం ముందు, ఒక వారం వెనక. వెళ్ళేవాడు వచ్చేవాడికి ఛార్జి అప్పగించాలి. నెట్టు ఒకటి, గుంజ ఒకటి, కోర్టులో గుంత ఒకటి అని జాబితా రాసి ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. కాగితం కరువు రోజుల్లో కూడా మూడేసి కాపీలు!

పేతురు ఆయన ఇంటికి పరుగెత్తాడు.

"అయ్యా, చెన్నప్పది ఎడంచేతి వాటం. కుడిపక్క యెనకాల నిలబెడితే బంతిని కొట్టబోయి పక్కనోణ్ణి కొడతాడు."

"ఎనిమిదేండ్లుగా ఒకే చోట ఉండాడు గదప్పా. నెట్టుకు బాగా అలవాటు పడిపోయినాడు."

"అలవాటు పడాల గదయ్యా, ఆడేవాడు!"

"అదే ప్రమాదం పేతురప్పా. లోకల్ ఇన్‌ఫ్లుయెన్స్ వచ్చేస్తాది."

ఇది ఏ మందులతోనూ కుదిరే జబ్బు కాదని కంపౌండరుగా పేతురుకు తోచింది.

కొత్త ఏర్పాటుతో కుప్పం జట్టు మీద ఒక స్నేహపు మ్యాచి ఆడారు. మొదటి బంతి వచ్చింది. దాని కోసం ముగ్గురు పరుగెత్తి ఒకరినొకరు గుద్దుకున్నారు. రెండో బంతికి ఎవరూ కదల్లేదు. మూడో బంతి సరిగ్గా మునిరాజు ముందు పడుతుంటే అతను చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అదేమని అడిగితే, ఆ చోటుకు ఇంకా తనకు ఛార్జి ఇవ్వలేదన్నాడు. ఎంత క్రమశిక్షణ! ఎనిమిదేళ్ళలో ఇలాంటి క్రమశిక్షణ ఎప్పుడైనా చూశామా? ఆట మధ్యలో గోపాలస్వామి గారు ఈలవేసి మరో రెండు ట్రాన్స్‌ఫర్లు చేశారు. సంతకాలు పూర్తయ్యేదాకా కుప్పం వారు పాపం మర్యాదగా చెట్టుకింద కూర్చుని వేరుశెనగలు తిన్నారు. ఇరవై తొమ్మిది - పదకొండుతో మనం ఓడాం.

"పదకొండు వచ్చినాయి సూడండి! మార్పు లేకుండా ఆడినప్పుడు ఎన్ని వచ్చినాయి?" అన్నారు సెక్రటరీ గారు.

"పోయినేడు వీళ్ళ మీద గెలిచినామయ్యా," అన్నాడు పేతురు.

సెక్రటరీ గారు ఆ మాట రికార్డులో ఎక్కించలేదు.

ఓటమికి కారణం మార్పు చాలకపోవడమే అని మరునాటికి తేలింది. అందుచేత నలుగురినీ జట్టులోంచి తప్పించి, సీనియారిటీ ప్రకారం కొత్తవారిని వేశారు. క్లబ్బులో సీనియర్లు ఎవరు? ఇరవై ఏళ్ళుగా పేకాట గది దాటి బయటికి రాని నలుగురు పెద్దమనుషులు. ఒకాయనకు దూరం ఆనదు. ఒకాయనకు దగ్గర ఆనదు. ఇద్దరూ కలిస్తే ఒక మంచి ఆటగాడని సెక్రటరీ గారి లెక్క! కెప్టెనుగా పేతురును మాత్రం ఉంచారు. ఛార్జి లిస్టులు దాచడానికి ఎవరో ఒకరు ఉండాలి గదా.

సరిగ్గా అప్పుడే పుంగనూరు క్లబ్బు సెక్రటరీ తిప్పేస్వామి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. తమ ఆటగాళ్ళు నలుగురు పటాలంలో చేరిపోయారనీ, మదనపల్లెలో పనిలేకుండా ఉన్నవారెవరైనా ఉంటే దయచేసి పంపవలసిందనీ ఎంతో వినయంగా రాశాడు. గోపాలస్వామి గారి ముఖం వెలిగిపోయింది. డిప్యుటేషన్! ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా ఆయన చేతులమీదుగా ఆ ఆర్డరు వెళ్ళలేదు. నలుగురినీ సీజను ముగిసేదాకా పుంగనూరికి డిప్యుటేషన్ మీద పంపుతూ ఆ పూటే సంతకం చేసేశారు.

తరువాతి విజయాలు చెబితే మీరు నమ్మరు. కుప్పం జట్టులో అందరూ రైల్వే స్టేషను మనుషులే. మన మీద ఆడవలసిన రోజున మిలిటరీ రైళ్ళు వరసగా వచ్చి ఎవరికీ సెలవు దొరకలేదు. వాకోవరు! మదనపల్లె ఫైనలుకు వెళ్ళింది. బంతి తాకకుండా గెలవడం ఎఫిషియెన్సీకి పరాకాష్ఠ అని సెక్రటరీ గారు మీటింగు పెట్టి చెప్పారు. అవతల, పుంగనూరు కూడా ఫైనలుకు వచ్చింది. వారి జట్టులో అయిదుగురిలో నలుగురు మనవాళ్ళే.

నలుగురినీ ఫైనలుకైనా వెనక్కి పిలిపించమని పేతురు బతిమాలాడు.

"పోయిన ఆర్డరును రద్దు చేస్తే ఆఫీసు పరువేం గావాలప్పా?" అన్నారు గోపాలస్వామి గారు.

ఆ సాయంత్రం పేతురు ఇంట్లో కూర్చుని మోకాలికి తైలం రుద్దుకుంటుంటే భార్య సువార్తమ్మ చూసి, "యాల ఇంత దిగులు పడేది? మీరు కోరుకున్న ఫైనలే గదా వచ్చింది," అంది.

"వాళ్ళ మీద గెలిచేదానికి కాదు సువార్తా, వాళ్ళతో కలిసి గెలిచేదానికి అరగదీసినాను ఈ మోకాలు," అన్నాడు పేతురు. అని ముఖం అవతలికి తిప్పుకున్నాడు. ఆయనకు నిజంగానే ఏడుపు వచ్చింది.

శనివారం కుప్పానికి బొగ్గు బస్సు బయలుదేరింది. పెట్రోలు దొరకని ఈ రోజుల్లో వెనక బొగ్గుల పొయ్యి కట్టుకుని నడిచే బస్సు అన్నమాట. పుంగనూరులో తిప్పేస్వామి తన జట్టుతో ఎక్కాడు. పలమనేరు దాటిన తరువాత ఒక మిట్ట దగ్గర బస్సు ఆయాసపడి ఆగింది. డ్రైవరు అందరినీ దిగి తొయ్యమన్నాడు. మన కొత్త జట్టు సీనియర్లు కాబట్టి దిగలేదు. పేతురు దిగాడు. చెన్నప్ప, మునిరాజు, అన్నదమ్ములిద్దరూ దిగారు. పేతురు భుజం ఆనించగానే నలుగురూ ఎవరి చోటికి వారు వచ్చేశారు. బస్సు కదిలింది. పుంగనూరు వారి సొంత ఆటగాడు, బట్టల కొట్టు రంగయ్య, పక్కనుంచి తోస్తూ జారిపడి చీలమండ బెణికించుకున్నాడు. పేతురే కట్టు కట్టాడు.

తెల్లవారేసరికి రంగయ్య కాలు నేల మీద ఆనడం లేదు. పుంగనూరుకు ఇక నలుగురే మిగిలారు. అయిదుగురు లేనిదే జట్టు దిగరాదు. మళ్ళీ వాకోవరు! గోపాలస్వామి గారు కుప్పం కోర్టు పక్కన కుర్చీలో కూర్చుని విజయోపన్యాసం రాసుకోవడం మొదలుపెట్టారు. ఆటే అక్కర్లేదు. కెప్టెను పేతురు వెళ్ళి షీల్డు పుచ్చుకుంటే సరి. ఎనిమిదేళ్ళ ఆశ నాలుగడుగుల దూరంలో బల్ల మీద మెరుస్తూ ఉంది.

పేతురు దాన్ని చూశాడు. అవతల గోడవారన బ్యాట్లు పట్టుకుని ఊరికే నిలబడ్డ నలుగురినీ చూశాడు. జేబులోంచి ఒక మందుచీటీ తీసి, వెనకవైపు గబగబా అర్జీ రాసి సెక్రటరీ గారి చేతికిచ్చాడు. పుంగనూరు జట్టులో ఒక ఖాళీ ఏర్పడినందున తనను డిప్యుటేషన్ మీద పంప ప్రార్థన!

"ఏమప్పా ఇది? గెలిచే జట్టు ఇడిచిపెట్టి పోతావా?"

"ఎనిమిదేండ్లుగా నడుమనే నిలబడి ఉండాను గదయ్యా. నాకు గూడా లోకల్ ఇన్‌ఫ్లుయెన్స్ వచ్చేసింటాది."

గోపాలస్వామి గారు అర్జీని రెండుసార్లు చదివారు. ఖాళీ ఉన్న మాట నిజం. ఆ జట్టు సెక్రటరీ తిప్పేస్వామి అక్కడే చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. అన్నిటికంటే, ముప్పై ఏళ్ళలో ట్రాన్స్‌ఫర్ కావాలని సంతోషంగా అడిగిన మనిషిని ఆయన చూడటం ఇదే మొదలు. కలం తీసి సంతకం చేశారు. మదనపల్లె జట్టులో ఇప్పుడు ఒక ఖాళీ ఏర్పడింది. సీనియారిటీ ప్రకారం తరువాతి పేరు ఎవరిది? గోపాలస్వామి గారిదే! పొడుగు కోటుతో, తలపాగాతో ఆయన నడుమ నిలబడ్డారు.

ఆ ఆట ఎలా సాగిందో చెప్పడం కష్టం. పేతురు కుంటుతూ ఆడాడు. కుంటుతూ నవ్వుతూ ఆడాడు. చెన్నప్ప తన ఎడమవైపు నుంచి కొట్టిన బంతి ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఇరవై తొమ్మిది - రెండు. ఆ రెండిట్లో ఒకటి గోపాలస్వామి గారి తలపాగాకు తగిలి నెట్టు దాటిన బంతి. అంపైరు కాదనబోయాడు గాని పేతురే పాయింటు ఇవ్వమన్నాడు. చివరి బంతి పడగానే అయిదుగురూ ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడ్చారు.

గోపాలస్వామి గారు ఉపన్యాసం మార్చనవసరం లేకపోయింది. "గెలిచిన అయిదుగురిలో మదనపల్లె వారు ఎందరు? అయిదుగురూ! మార్పు అంటే ఇదీ!" అన్నారు. కుప్పం జనం చప్పట్లు కొట్టారు. షీల్డు మాత్రం తిరుగు బస్సులో పుంగనూరులో దిగిపోయింది.

పేతురు మోకాలు ఆ రోజుతో సరి. సాయంత్రం అయిదింటికి ఇప్పటికీ అలవాటుగా కోర్టుకు వచ్చి ఒక మూల కూర్చుంటాడు. ఎదురుగా ఆడేవారు ఎవరూ ఉండరు. పుంగనూరు వారు నలుగురి డిప్యుటేషను ఇంకో మూడేళ్ళు పొడిగించమని అడిగితే సెక్రటరీ గారు సంతోషంగా ఒప్పుకున్నారు. మన కోర్టులో ఇప్పుడు పేకాట బల్లలు వేశారు. లోపల గాలి ఆడటం లేదట.

పోయిన నెల జనరల్ బాడీలో పేతురు లేచి ఒక తీర్మానం పెట్టాడు. క్లబ్బులో అందరూ ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారారు గాని పన్నెండేళ్ళుగా ఒకే కుర్చీలో కదలకుండా ఉన్న ఉద్యోగి ఒకరున్నారనీ, ఎఫిషియెన్సీ దృష్ట్యా వారిని కూడా పుంగనూరికి డిప్యుటేషన్ మీద పంపాలనీ దాని సారాంశం. అందరూ చేతులెత్తారు. గోపాలస్వామి గారు కూడా పొరబాటున ఎత్తారు.

తిప్పేస్వామి దగ్గర నుంచి జవాబు తిరుగు టపాలో వచ్చింది. "మీరు పంపిన అయిదుగురినీ కండ్లకద్దుకుని తీసుకున్నాం. ఈ ఒక్కరినీ మీరే పెట్టుకోండప్పా. అంతగా కావాలంటే షీల్డు వాపసు ఇస్తాం."

కాబట్టి పాఠక మహాశయులారా, ఈ వ్యాసం ద్వారా ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మార్పులు చెయ్యడంలో నిపుణులైన ఒక సెక్రటరీ గారు మా దగ్గర సిద్ధంగా ఉన్నారు. ఏ ఊరివారైనా, ఏ ఆటవారైనా తీసుకెళ్ళవచ్చు. డిప్యుటేషను ఎన్నేళ్ళైనా ఫరవాలేదు. తిరిగి పంపనవసరం లేదు.